పడవమీదినుండి చూచిన పల్లె

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెఱచిన మొదటి దినమున పిల్లలచేత సెలవుల ముచ్చటలు చెప్పించుట నాకు అలవాటు. ఈమధ్య కొన్నియేండ్లుగా మా వెల్గటూరు ప్రాంతపు గృహస్థులు భద్రాచల యాత్రతోపాటు పాపికొండల విహారమునకును పోవుచున్నారు. ఒకయేడు నా తరగతిలో నలుగురు బిడ్డలు అక్కడికి పోయివచ్చిరి. ఏమి చూచితిరని అడిగితిని. ఒకడు కొండలు చూచితిననెను. ఒకడు లాంచిమీద వాయించిన పాటలను వర్ణించెను. ఒక బాలిక పడవలో పెట్టిన భోజనమును మెచ్చుకొనెను. నాలుగవవాడు వెదురు గుడిసెలు చూచితిననెను. ఆ గుడిసెలున్న యూరి పేరేమి? తెలియదు. అందెవ్వరు కాపురముందురు? తెలియదు. అడవిలో ఏ జంతువు కనబడినది? కోతి.

ఇది బిడ్డల తప్పు కాదు. 2018వ సంవత్సరము డిసెంబరు నెలలో నేనును సకుటుంబముగా ఆ విహారమునకు పోయియుంటిని. తిరిగివచ్చిన పిదప నన్నెవరైన ఇవే ప్రశ్నలు అడిగియుండినచో నేను చెప్పగల జవాబులు వీనికంటె మెఱుగైనవి కావు. సంస్కృతమున నదీస్తోత్రములు వల్లించినవాడను, ఆంగ్లమున దూరదేశముల నదీయాత్రలు చదివినవాడను, నా గోదావరి యొడ్డున నివసించు మనుష్యులనుగూర్చి ఏమియు నెఱుగనైతిని. ఆ సిగ్గు నన్ను పుస్తకములయొద్దకు త్రోసినది. అక్కడ నాకు కనబడిన సంగతి యొక్కటి: గోదావరిమీద పడవనెక్కి ఆ కొండలలోనికి పోయిన ప్రతివాడును ఏదో యొకటి కోరియే పోయెను, ఒడ్డుననున్నవారి కోరిక యేమని అడిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ. దాని చరిత్రనే ఈ వ్యాసమున చెప్పబూనితిని.

ముందు మా యూరి సంగతి. వెల్గటూరు జగిత్యాల జిల్లాలో గోదావరి చెంతనున్న గ్రామము. మా మండలమందలి కోటిలింగాలయొద్ద పెద్దవాగు గోదావరిలో కలియుచున్నది. ఆ సంగమస్థలపు దిబ్బలమీద దొరకిన నాణెములు చరిత్రకారుల కన్నులు తెఱపించినవి. శాతవాహన వంశమునకు మూలపురుషుడగు శ్రీముఖుని నాణెములును, అతనికంటె పూర్వులని యెంచబడు గోభదుడు, నారనుడు, సమగోపుడు మొదలగువారి నాణెములును అందు గలవు. కావున రెండువేల యేండ్లకు పూర్వమే ఈ నదియొడ్డున పట్టణమును, వర్తకమును, రాజ్యమును ఉండెనని మేము గర్వపడుదుము. ఇక్కడికి దిగువను మంథని ప్రాంతమున శివారము అభయారణ్యమున్నది. నదిలోని మొసళ్ళ రక్షణకై ఏర్పఱచిన తావది. ఇటువంటి నది చెంత పుట్టిపెరిగినవారమయ్యు, అడవిని, జంతువులను చూడవలెనన్న ఎక్కడికో పోవలెనని మనము తలంచుచున్నాము.

నాసిక్ సమీపమున త్ర్యంబకమునొద్ద పుట్టి 1465 కిలోమీటర్లు పాఱు గోదావరికి మా యూరు దాటినతరువాతనే నిండుదనము వచ్చును. కాళేశ్వరమునొద్ద ప్రాణహిత, ఆ దిగువను ఇంద్రావతి, కూనవరమునొద్ద శబరి వచ్చి కలియును. ఇన్ని యేళ్ళ నీటిని మోసికొని నది తూర్పుకనుమలకు అడ్డముగా పోవలసివచ్చును. అక్కడ రెండు వైపులను కొండలు దగ్గఱకు వచ్చి నదిని ఇఱుకున పెట్టును. ఆ యిఱుకే పాపికొండలు. స్త్రీల పాపిటవలె కొండలను రెండుగా చీల్చి నది పాఱుటచే ఆ పేరు వచ్చినదని జనులు చెప్పుకొందురు. ఆంగ్లేయులు వీనిని ‘బైసన్ కొండలు’ అనిరి. నిజమునకు బైసన్ అనునది అమెరికా, యూరపు ఖండముల జంతువు. మన కొండలలోనిది అడవిదున్న. పేరు పెట్టినవారు చూచినదానికి తాము ముందెఱిగిన పేరునే తగిలించిపోయిరి. పడవమీదినుండి చూచుటలో నుండు మొదటి పొరపాటు ఇదియే.

ఇక్కడి అడవిని కొందఱు ‘రెయిన్ ఫారెస్టు’ అని వ్రాయుచున్నారు. అదియు సరికాదు. ఏడాది పొడవున వానలు కురియుచు, ఆకు రాలుకాలమన్నదే లేని అడవికి ఆ పేరు చెల్లును. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీతీరము అట్టిది. మన పాపికొండల అడవి వానకాలమున దట్టమై, వేసవిలో చాలవఱకు ఆకు రాల్చునది. 1978లో దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2008లో సుమారు 1012 చదరపు కిలోమీటర్ల మేర జాతీయ ఉద్యానవనముగా చేసిరి. పులి, చిఱుతపులి, అడవిదున్న, కణితి, దుప్పి, కొండగొఱ్ఱె, కొండముచ్చు, నెమలి, అడవికోడి ఇందుండును. నీటిలో మొసలియు, నీటికుక్కయు గలవు.

ఇన్ని యున్నను విహారమునకు పోయినవారికి ఏమియు కనబడదేల? కారణము సులభము. మృగములు నీటికి వచ్చునది తెల్లవాఱుజామునను సాయంసంధ్యయందును. మన లాంచి కదలునది ప్రొద్దెక్కిన పిదప. చలికాలపు ఉదయమున మొసలి ఇసుకతిన్నెమీద ఎండ కాచుకొనును. కాని లాంచి యంత్రపు చప్పుడును, దానిమీది పాటల చప్పుడును అరకోసు దూరమునుండియే దానిని నీటిలోనికి దింపును. నీటికాకి మాత్రము బండమీద ఱెక్కలు ఆఱవేసికొని కూర్చుండును. లకుముకిపిట్ట ఒడ్డు వెంబడి నీలిగీతవలె పోవును. వానిని చూచుటకు తలయెత్తువారు తక్కువ.

అడవిని చూచుటయన నేమో తెలిసికొనుటకు ఒక దృష్టాంతము చెప్పెదను. 1848లో హెన్రీ వాల్టర్ బేట్స్ అను నాంగ్లేయ యువకుడు తన మిత్రుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌తో గూడి అమెజాన్ నదికి పోయెను. వాలెస్ నాలుగేండ్లకు తిరుగుప్రయాణమై, 1852లో ఓడ తగులబడగా తాను సేకరించినదానిలో పెక్కు భాగమును పోగొట్టుకొనెను. బేట్స్ పదునొకండేండ్లు అక్కడనే యుండి 1859లో స్వదేశము చేరెను. తన లెక్క ప్రకారము అతడు సేకరించిన ప్రాణిజాతులు పదునాలుగువేలకు పైబడినవి. అందు ఎనిమిదివేలు అంతవఱకు శాస్త్రజ్ఞులెఱుగనివి. అతడు ఏగా అను చిన్న యూరియందే నాలుగేండ్లకు పైగా కాపురముండి, ఆ యూరివారితో కలసి తిని, వారితో అడవిలో తిరిగెను. ఒక జాతి సీతాకోకచిలుక మఱియొక జాతి వేషమును ధరించి శత్రువులనుండి తప్పించుకొనునను గొప్ప సిద్ధాంతము అట్టి ఓపికవలన పుట్టినది. మనకు పదునొకండేండ్ల తీరిక లేదు, నిజమే. కాని పదునొకండు గంటలలో నైనను ఒక గంట నిశ్శబ్దముగా కూర్చుండగలము గదా!

అమెజాన్ కథకు రెండవ ముఖమును గలదు. బేట్స్ అక్కడ నుండగనే, 1853లో, ఆ నదిమీద ఆవిరిపడవలు నడువనారంభించెను. వాని వెంట రబ్బరు వర్తకము పెరిగెను. ఆ యుపనదులలో నొకటియగు పుటుమయో తీరమున రబ్బరు కొఱకు అడవిజాతులను ఎట్లు హింసించిరో రోజర్ కేస్‌మెంట్ 1910లో స్వయముగా పోయి విచారించెను. 1912లో వెలువడిన ఆతని నివేదిక లోకమును కలవరపెట్టినది. ఒకే నదిమీద ఒకడు సీతాకోకచిలుకలకై పోయెను, ఒకడు రబ్బరుకై పోయెను. నదికి భేదము తెలియదు, ఒడ్డువారికి తెలియును.

మన గోదావరిమీదను ఇట్టి కోరికలే నడచినవి. ఆర్థర్ కాటన్ దొరను ధవళేశ్వరము ఆనకట్టవలన మనవారందఱు ఎఱుగుదురు. 1847లో మొదలై 1852లో పూర్తియైన ఆ కట్ట డెల్టాలోని కఱవును పోగొట్టినది. కాని కాటన్ తలంపు అంతటితో ఆగలేదు. సముద్రమునుండి గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల వెంబడి బీరారు, నాగపురముల వఱకు పడవలు నడిపింపవలెననియు, అక్కడి పత్తిని నీటిబాటను కోస్తాకు దింపవలెననియు ఆతడు వాదించెను. నదిలో రాతిబండలవలన పడవ సాగని తావులు మూడు గలవు. మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇచ్చంపల్లి, మూడవది ప్రాణహితమీది దేవలమఱ్ఱి. ఈ అడ్డులను దాటుటకు కట్టలును, కాలువలును, లాకులును కట్టు పని హేగ్ అను సైనిక యింజనీరు చేతిలో పెట్టిరి.

పడవకు దారి కావలెనన్న ఒడ్డు తమదిగా నుండవలెను. 1860లో ఆంగ్లేయ ప్రభుత్వము నిజాముతో సంధి చేసికొని గోదావరి ఎడమయొడ్డు సీమలను తన వశము చేసికొనెను. నదిమీది సరకులకు సుంకము లేకుండ ఒప్పించెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు ఆ విధముగా సిరొంచ ముఖ్యస్థానముగా నేర్పడిన ఎగువగోదావరి జిల్లాలో చేరినవి. అప్పుడే అమెరికాలో అంతర్యుద్ధము వచ్చి, 1861 మొదలు ఇంగ్లండు మిల్లులకు పత్తి కఱవయ్యెను. గోదావరి పనికి డబ్బు వచ్చెను. కాని 1865లో ఆ యుద్ధము ముగిసెను; 1867లో బొంబాయి రైలు నాగపురము చేరెను. పత్తికి నీటిబాటతో అక్కఱ తీఱెను. చలిజ్వరములచే పనివారును మిక్కిలి బాధపడుచుండిరి. 1871లో పనులు నిలిపివేసిరి. దుమ్ముగూడెమునందలి కట్టయు, లాకులును నేటికి నిలిచియున్నవి. పర్ణశాలకు పోవు యాత్రికులు ఆ దారినే పోవుదురు. వానిని గూర్చి అడుగువారు అరుదు.

చదువరులారా, పడవ ఆగిపోయినంత మాత్రమున కథ ముగియలేదు. పత్తికై తీసికొన్న ఒడ్డు తిరిగి ఎవ్వరికి నీయబడలేదు. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చిరి. మునుపు స్వల్పమైన పన్ను చెల్లించి పోడు కొట్టుకొను కోయలమీదను, కొండరెడ్లమీదను పన్ను మూడింతలయ్యెను; అడవిలో కొంత భాగము వారికి మూయబడెను. ఆ ప్రక్కనే రంప సీమలో ఇంటివాడుకకు గీచుకొను కల్లునకును లెక్క పెట్టిరి. చిగురుపన్ను పేర కంట్రాక్టర్లు పీడించిరి. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు పుట్టెను. కొన్ని నెలలలో అది రేకపల్లికిని ప్రాకెను. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు దానికి నాయకులు. సైన్యమును ఆవిరిపడవలమీద గోదావరి వెంబడి పైకి పంపిరి. పత్తి దిగవలసిన నదిమీద తుపాకులెక్కిపోయినవి. మఱల 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున ఆ కొండలు లేచిన కథ మన పిల్లలందఱు పాఠముగా చదువుచున్నారు. మొదటి కథను చెప్పక రెండవదానిని మాత్రమే చెప్పినచో, అది ఒక్క వీరుని కథయగును గాని ఒక జనుల కథ కాదు.

సైన్యము పోయిన తరువాత కలప వర్తకులు వచ్చిరి. అడవిలోని కలపను, వెదురును నఱికించి, తెప్పలుగా కట్టించి నదిమీద రాజమహేంద్రవరమునకు దింపుట పెద్ద వ్యాపారమయ్యెను. నఱుకువారు కొండరెడ్లు, లాభము వర్తకునిది. 1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు వియన్నా నగరవాసియగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు శత్రుదేశీయుడని యెంచబడి నిజాము రాజ్యము దాటిపోరాదని నిర్బంధింపబడెను. ఆ నిర్బంధము మనకొక మేలైనది. 1941లో అతడు పాపికొండల కొండరెడ్ల నడుమ నివసించి, వారిని గూర్చి వ్రాసిన గ్రంథము 1945లో వెలువడెను. వర్తకుల కూలిపనికి అప్పుల మూలమున కట్టుబడిపోయిన కొండరెడ్ల దుఃస్థితిని అతడు దాచక వ్రాసెను. పిమ్మట నిజాము ప్రభుత్వమునకు ఆదిమజాతుల విషయమున సలహాదారుగాను పనిచేసెను. నదిమీద పోయినవారిలో ఒడ్డువారి మాట అడిగి, దానిని పాలకుల చెవిని వేసినవారు అరుదని మొదట అంటిని గదా, అట్టివారిలో నీతడొకడు.

కొండరెడ్లు ఎవ్వరు? పల్లెను చూడబోవువాడు ఇంతమాత్రమైనను ఎఱిగి పోవలయును. వారి మాతృభాష తెలుగే, మన భాషయే. కోయలది వేఱుభాష, గోండుభాషకు చుట్టమైనది. కొండరెడ్లు కొండవాలున పోడు కొట్టి జొన్న మొదలగు పైరులు వేయుదురు. జీలుగుచెట్టు వారికి కన్నతల్లివంటిది. కల్లునిచ్చును, కఱవున దాని మొదలిలోని మెత్తని భాగము పిండియై కడుపు నింపును. మామిడిజీళ్ళనుగూడ ఎండబెట్టి, నానబెట్టి అంబలి కాచుకొందురు. వెదురు వారి యిల్లు, బుట్ట, విల్లు, చేపలబోను. ఇంతటి విద్యగలవారిని మన పుస్తకములు ‘అనాగరకు’లని చిరకాలము వ్రాసినవి. అడవిలో ఒక వారము మనలను విడిచిన బ్రదుకలేని మనమే నాగరకుల మైతిమి.

విహారపడవల కథ ఇంతకంటె క్రొత్తది. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు లాంచీలమీద యాత్రికులు పోవుట మన పెద్దలకు తెలిసినదే. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ చిత్రమును, 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ చిత్రమును ఆ పడవప్రయాణమునే కథగా చేసికొని, అప్పటివఱకు యాత్రగా నున్నదానిని ఇంటింట విహారపు కోరికగా మార్చినవి. దిగువనుండి పోలవరము, దేవీపట్నముల మీదుగా ఎక్కువారు కొందఱు. భద్రాచలమునుండి పోచవరము రేవునకు పోయి దిగువకు వచ్చువారు కొందఱు. తెలంగాణమువారమగు మేము రెండవ దారిని పోయితిమి.

పేరంటపల్లి రేవున లాంచి ఆగినది. అక్కడ నొక శివాలయము, మునివాటమను ఆశ్రమము గలవు. కొండనుండి జాలువాఱు చల్లని నీరు. రేవునుండి గుడివఱకు ఇరుప్రక్కల కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన పూలబుట్టలు, పడవబొమ్మలు పెట్టుకొని కూర్చుండిరి. మాకిచ్చిన వ్యవధి స్వల్పము. తోడి ప్రయాణికులు బొమ్మలకు సగము ధర అడుగుచు, ఆ స్త్రీలను అడుగకనే వారి ఛాయాచిత్రములు తీసికొనుచు పోయిరి. ఒకాయన చిల్లర నాణెములు పిల్లలవైపు విసరి వారు ఏఱుకొనుటను చిత్రముగా తీసెను. నేను పక్షులను లెక్కించుచుంటిని. నా భార్య మాత్రము ఒక ముసలమ్మ ప్రక్క నేలమీద కూర్చుండి, బుట్ట అల్లుటకు ఎన్ని దినములు పట్టునని అడిగెను. ఆమె చెప్పెను. మాటలలో ఆనకట్ట సంగతి వచ్చినది. “ఊరు తీసేస్తారంట గదమ్మా, యేడకి పోతరు?” అని నా భార్య అడుగగా, “మైదానానికంట తల్లీ. ఇల్లు కట్టిస్తరంట. మరి ఆడ వెదురు దొరుకుద్దా?” అని ఆమె మా మొగములవంక చూచెను. లాంచి కూత వేసినది. మేము జవాబు చెప్పకయే లేచితిమి.

పోలవరము ప్రాజెక్టు సంగతి చదువరులెఱిగినదే. 2014లో దానిని జాతీయ ప్రాజెక్టుగా నిర్ణయించిరి. ఆ సంవత్సరముననే ముంపు మండలములను ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు మార్చిరి. ఎడమయొడ్డు పల్లెల జాతకము చూడుడు: 1860 వఱకు నిజాముది, ఆ తరువాత నాగపురపు సీమ, 1874 మొదలు మదరాసు, 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 1959లో ఖమ్మము జిల్లా, 2014లో మఱల గోదావరి జిల్లా. ఇల్లు కదలలేదు, ఏలుబడి మాత్రము ఇన్నిమార్లు మాఱినది. ఇప్పుడు ఇల్లే కదలవలసివచ్చినది. జలాశయపు నిండుమట్టము 45.72 మీటర్లు. దానివలన 370కి పైబడిన జనావాసములు తరలవలసి యున్నవని అంచనా. 2021 జూనులో నదిని క్రొత్త స్పిల్‌వే వైపునకు మళ్ళించిరి. ఆ యేటి వరదకే దేవీపట్నము నీట మునిగినది. 2022 జూలైలో భద్రాచలమునొద్ద నీరు 71.3 అడుగులకు లేచినది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి వరద మఱియొకటి లేదు.

ఆనకట్ట వలదని నేను వాదింపను. కాటన్ కట్టినదానివలన డెల్టాలో అన్నము పుట్టినది. పొలమునకు నీరు కోరు రైతు తప్పుచేయలేదు. మాకును ఆ నీటి విలువ తెలియును, దాని వెలయు తెలియును. దిగువనున్న శ్రీపాద ఎల్లంపల్లి జలాశయమునకు మా మండలములోని నదియొడ్డు పల్లెలు ఇండ్లను, పొలములను ఇచ్చినవి. శాతవాహనుల కోటిలింగాల యొడ్డునకును ఆ నీరు వచ్చి చేరినది. ముంపు పల్లెల బిడ్డలు నా తరగతిలో చదివిరి. క్రొత్త కాలనీలో ఇల్లు పక్కాదే, వీధి తిన్ననిదే. క్రొత్త బొడ్రాయిని నిలిపి పండుగయు చేసికొనిరి. కాని ఒక బాలుడు వ్యాసమున “మా యూరు నీళ్లల్ల ఉన్నది” అని వర్తమానకాలమున వ్రాసినప్పుడు, ‘ఉండెను’ అని దిద్దుటకు నా ఎఱ్ఱసిరా కలము ఆడలేదు. పరిహారపు లెక్కలో ఇంటికి, చెట్టునకు, బావికి ధర గలదు. ఇరుగుపొరుగునకు ధర లేదు. పేరంటపల్లి ముసలమ్మ వెదురునకును లేదు. మాకు తెలిసిన దుఃఖమునే అక్కడ కన్నులార చూచియు గుర్తుపట్టలేకపోయితినే యన్నది నా సిగ్గు.

విహారము ప్రాణములతో కూడిన పనియనియు మఱువరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, నది వరదమీద నున్నప్పుడు, దేవీపట్నము ఎగువను కచ్చులూరునొద్ద సుడిలో ఒక విహారపు బోటు మునిగి, ఓరుగల్లు ప్రాంతమునుండి వచ్చినవారితో సహ పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ బోటును అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయిరి. ఆ దినమున మొట్టమొదట నాటుపడవలు వేసికొని వచ్చి, కొట్టుకొనిపోవువారిని పట్టి ఒడ్డున చేర్చినవారు ఆ ప్రాంతపు గిరిజనులే. మనము పేరు అడుగక దాటిపోయిన పల్లెవారే మన ప్రాణములకు అడ్డుపడిరి. ఇంతకంటె వేఱు పాఠమేమి కావలెను?

కాబట్టి పోవలదని చెప్పను. ఇంటినుండి కదలని స్త్రీలకును, పట్టణపు గోడల నడుమ పెరుగు బిడ్డలకును నదియు అడవియు చూపవలసినదే. కాని పోవు తీరు మార్చుకొందము. వరదకాలమున పోకుందము, లైఫ్ జాకెట్టు కట్టుకొనకుండ పడవనెక్కకుందము. లాంచిమీద పాటలు వలదని నలుగురు ప్రయాణికులు గట్టిగా అడిగిన నడిపించువారు వినకపోరు. వినువారియొద్దకే మనము పోవచ్చును. వేసవిలో ఇసుకతిన్నెలమీద రేవుపిట్టలు గ్రుడ్లు పెట్టును; వానిని త్రొక్కకుండ నడువవలెను. ప్లాస్టిక్ సంచియు సీసాయు మనతోనే తిరిగి రావలెను. అడుగక యెవరి ముఖమును చిత్రము తీయరాదు. మన ఇంటి ఆడువారిని అట్లు తీసిన ఊరకుందుమా? బిడ్డలకు నాణెములు విసరుట దానము కాదు, అవమానము. బుట్టకు చెప్పిన వెల ఇచ్చుట ధర్మము. అది కొన్ని దినముల పని. గిరిజనుల భూమిని మైదానమువారు కొనరాదని 1917 నుండియు చట్టమున్నది; అడవిమీద వారికి హక్కులిచ్చిన చట్టము 2006లో వచ్చినది. ఆ చట్టములు అమలగుచున్నవా యని అడుగుటయు ఆ నీటిని త్రాగు మన బాధ్యతయే.

ఈ యేడు సెలవులకు పాపికొండలకు పోవు పిల్లలకు నేనొక పని చెప్పియుంటిని. దిగిన ప్రతి రేవు పేరును, అక్కడ చూచిన ఒక ప్రాణి పేరును, మాటాడిన ఒక మనిషి చెప్పిన మాటను వ్రాసికొని రమ్మంటిని. బడి గోడమీద గోదావరి పటమును గీసి, మా కోటిలింగాలనుండి పోలవరము వఱకు ఆ పేర్లను ఒక్కొక్కటిగా చేర్చుచున్నాము. నీటిలోనికి పోయిన యూళ్ళ పేర్లనుగూడ ఆ పటముమీద ఎప్పటివలెనే వ్రాయుచున్నాము. పేరంటపల్లి పేరును నా భార్య తన చేతితో వ్రాసినది.